కొలబద్ద రక్తం

నమోదు 311, సోమవారం

"ఈ వారం మీ వృత్తిలో కొత్తగా ఏమి నేర్చుకున్నారు?" అని ప్రతి సోమవారం ఈ తెర నన్ను అడుగుతుంది. జవాబు రాయకపోతే నా రిజిస్ట్రేషన్ ఆగుతుంది. రిజిస్ట్రేషన్ ఆగితే నేను సంతకం చేయలేను. నా సంతకం లేకపోతే ఈ సముద్రపు కట్టమీది ఆసుపత్రి నుంచి ఒక్క రక్తపరీక్ష రిపోర్టు కూడా బయటికి పోదు. అందుకని రాస్తున్నాను. ఈ వారం నేర్చుకున్నది: చెప్పులు సాయంత్రం పూట కొనుక్కోవాలి. పొద్దున వదులుగా ఉన్నవి సాయంత్రానికి పాదాన్ని పట్టేస్తున్నాయి. విప్పి చాలాసేపైనా పట్టీ ముద్ర పోవడం లేదు.

పాత పరిశీలకుడు ఇలాంటివి చదివి నవ్వుకుని ఊరుకునేవాడు. రంగనాయకులు గారూ, కౌన్సిల్లో ఆయన కుర్చీలోకి మీరొచ్చారని విన్నాను. మీరు ఊరుకుంటారో లేదో తెలియదు కాబట్టి, మా పని ఎలా సాగుతుందో ఒక్కసారి చెప్పేస్తాను. మళ్లీ విసిగించను.

నా పేరు దువ్వారపు హైమ. బయోమెడికల్ సైంటిస్టుని, పైగా ఈ జిల్లాకి ప్రమాణ వ్యక్తిని. పొద్దున్నే పడవ దిగి, ల్యాబులో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాను. రెండో గ్రేడు సైంటిస్టు మజ్జి చామంతి నా ఎడమ చేతి నుంచి ఒక ట్యూబు రక్తం తీస్తుంది. మెషినుకి తనంతట తాను ఏదీ తెలియదు. అంకె తెలిసిన రక్తం ఒకటి దానికి ముందు చూపించాలి. ఇదివరకు అందుకోసం ఓడల్లో ప్రమాణ సీరం సీసాలు వచ్చేవి. ఓడలు రావడం మానేశాక చట్టం మనుషుల్నే సీసాలు చేసింది. తొమ్మిదేళ్ల కిందట ఆఖరి సీసాలతో పోల్చి నా అంకెలు రాసిపెట్టారు. క్రియాటినిన్ 0.8. కిడ్నీలు బయటికి పారబోయాల్సిన చెత్త అది. ఒంట్లో ఎంత పెరిగితే కిడ్నీ అంత పాడైనట్టు. ప్రతి పొద్దునా మెషిను నా రక్తం తాగి, "ఇది 0.8" అనుకుని, ఆ రోజు వచ్చిన రక్తాలన్నిటినీ దాంతో పోల్చి చెబుతుంది.

అందుకే నేను కౌన్సిల్ పంపిన రాగిజావ, కౌన్సిల్ పంపిన నీళ్లు తప్ప ఏదీ ముట్టను. తలనొప్పి వస్తే భరిస్తాను. కట్టమీద జనానికి ఇదంతా భలే వేడుక. నన్ను కొలబద్దమ్మ అంటారు.

ఇవాళ మైలపల్లి పోలమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. కిడ్నీ జబ్బుతో నాలుగేళ్లుగా నెలకోసారి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఎండు నెత్తళ్ల పొట్లం తెచ్చి నా బల్లమీద పెడుతుంది. తినకూడదని తెలిసే తెస్తుంది.

"ఏటి కొలబద్దమ్మా, ఒక్క చేప తింటే మీ మిషను పేలిపోద్దేటి?" అంది.

"పేలదు. నీకు కిడ్నీలు నాలుగున్నాయని చెబుతుంది" అన్నాను.

"సెప్పనీ తల్లీ. రెండు మా ఎర్రయ్యకి ఇచ్చేత్తాను."

ఎర్రయ్య ఆమె మొగుడు. అతనిదీ అదే జబ్బు. ఇద్దరూ డయాలసిస్ సీటు కోసం వరుసలో చేరినవాళ్లే. క్రియాటినిన్ మూడు దాటితే పేరు వరుసలోకి ఎక్కుతుంది, మళ్లీ కిందికి దిగితే పేరు తీసేస్తారు. పోలమ్మ అంకె పోయిన నెల 3.1, ఈ నెల 2.4. నేనే సంతకం చేసి, పేరు తీసేయమని రాశాను. ఆ మాట చెబితే పోలమ్మ రెండు చేతులూ జోడించింది. ఆయాసపడుతూనే నవ్వుకుంటూ వెళ్లింది. పొట్లం ఎప్పటిలాగే చామంతికి ఇచ్చేశాను.

నమోదు 312, గురువారం

ఇవాళ ఒళ్లు మండింది కాబట్టి సోమవారం దాకా ఆగకుండా రాస్తున్నాను.

కిడ్నీ వార్డు డాక్టరు ఇమ్మానుయేలు గారు ల్యాబుకే దిగి వచ్చారు. నెమ్మదస్తుడు, గొంతు పెంచడు. అందువల్లే ఆయన మాట మరింత గుచ్చుకుంటుంది.

"హైమగారూ, మీ అంకెలూ నా రోగులూ కలవడం లేదండీ. ముఖాలు ఉబ్బి వస్తున్నారు. రిపోర్టు చూస్తే పోయిన నెలకంటే బాగుంటోంది."

"అయితే రిపోర్టు తప్పంటారా?"

"నేను అనడం లేదు. వాళ్ల ముఖాలు అంటున్నాయి."

"ముఖాలకి సంతకం పెట్టే చట్టం రాలేదు డాక్టరుగారూ. వచ్చాక చెప్పండి, ముఖాలే కొలుస్తాను."

ఆయన నొచ్చుకున్నారు, కాని వెళ్లిపోలేదు. ఆయన ఎదుటే మెషిను కడిగించాను. రసాయనాలు మార్పించాను. పొద్దుటి నా ట్యూబు మళ్లీ పెట్టించాను. 0.8. ఆయన పంపిన రక్తాలన్నీ మళ్లీ పెట్టించాను. అవే అంకెలు. చూశారా అన్నట్టు చూశాను. డాక్టరుగారు తల ఊపి మెట్లెక్కారు.

ఆయన వెళ్లాక చామంతి ఒక మాట అంది. "అక్కా, ఈ మధ్య అందరి రిపోర్టులూ బాగుంటన్నాయి. సీట్లు ఖాళీగా ఉంటన్నాయని పైవార్డు సిస్టరు సెప్పింది."

ఖాళీగా ఉంటే సంతోషించాలి కదా. కౌన్సిల్ వార్తాపత్రంలో కూడా వేశారు, ఉప్పు రేషను తగ్గించినందువల్ల జిల్లా కిడ్నీలు కోలుకుంటున్నాయని. అందులో నా ఫొటో కూడా ఉంది. ఫొటోలో ముఖం కాస్త బొద్దుగా పడింది. రాగిజావకి ఒళ్లు చేయడమేమిటో నాకు అర్థం కాలేదు.

నమోదు 313, మంగళవారం

పోలమ్మ చనిపోయింది.

నిన్న సంతలో బుట్ట దించబోయి పడిపోయిందట. పడవలో తెచ్చేసరికి ఊపిరి ఆడటం లేదు. డాక్టరుగారు ఒక ట్యూబు రక్తం తీసి కిందికి పంపారు. ఆ ట్యూబు మీద పేరు చదివి, నేను ఆగలేక చామంతి చేతిలోంచి లాక్కుని స్వయంగా మెషినులో పెట్టాను. 3.9 వచ్చింది.

3.9తో మనిషి కుదేలవుతుంది, నీరసపడుతుంది. ఇలా ఊపిరితిత్తుల నిండా నీళ్లు పట్టి గంటలో పోదు. ఇరవై ఏళ్లుగా ఈ అంకెలు చూస్తున్నాను. ఆ ఒంటికి ఇది సరిపోయే అంకె కాదు.

ఎర్రయ్య ల్యాబు గుమ్మంలోకి వచ్చాడు. అతని చేతిలో పోలమ్మ రిపోర్టు కాగితం ఉంది, కింద నా సంతకం ఉంది. గొడవపెట్టుకుంటాడనుకున్నాను. గొడవపెట్టుకుంటే బాగుండేది.

"బాగున్నాదని రాసినారు గదమ్మా" అన్నాడు.

"రాశాను ఎర్రయ్యా."

"బాగున్నాదని సెప్పినారనే మళ్లీ బుట్ట ఎత్తినాది. నానొద్దన్నాను. కొలబద్దమ్మ సెప్పినాక నీకేటి తెల్సు, నువ్వూరుకో అన్నాది." కాగితం నా వైపు చాపాడు. "మరి ఏటైనాదమ్మా దానికి?"

నాకు తెలియదని చెప్పాను. అతను నమ్మలేదు. నాకు తెలియనిది ఉంటుందని ఈ కట్టమీద ఎవరూ అనుకోరు. అతను వెళ్లాక గొళ్లెం పెట్టుకుని ఏడ్చాను. ఆమె కోసం ఏడ్చాను, భయానికి కూడా ఏడ్చాను. ఎందుకు భయమో అప్పటికి నాకే సరిగ్గా తెలియదు.

నమోదు 314, బుధవారం

పొద్దున జావ తాగుతుంటే తట్టింది. నోటికి జావ ఇనుము రుచిగా తగులుతోంది. తాగలేక గ్లాసు పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తున్నాను. కట్ట కాపలా దళం కుర్రాళ్లు ఇసుక బస్తాలు మోస్తున్నారు. ఎంత ఆరోగ్యంగా ఉన్నారో అనుకున్నాను. వాళ్లలో ఒక్కడి రక్తం కూడా నేనెప్పుడూ చూడలేదు కదా అని వెంటనే అనిపించింది.

ఆరోగ్యవంతులు ల్యాబుకి రారు. ఇక్కడికి వచ్చేది జబ్బు మనుషులే. జబ్బు మనిషి అంకె తగ్గితే కోలుకున్నాడనుకుంటాం, సంబరపడతాం. తగ్గింది మెషినైతే పట్టుకునే దారి మా దగ్గర లేదు. ఉండాల్సిన దారి ఒకటుంది. ఏడాదికోసారి నా రక్తం పక్క జిల్లా ప్రమాణ వ్యక్తి దగ్గరికి, ఆయన రక్తం నా దగ్గరికి వెళ్లాలి. వంతెన కొట్టుకుపోయినప్పటి నుంచి అది జరగడం లేదు. "జరిగినట్లు భావించడమైనది" అని రెండేళ్లుగా కౌన్సిల్ ఉత్తర్వు వస్తోంది. ఆ ఉత్తర్వు కింద నేనూ సంతకం చేస్తున్నాను.

మెట్లెక్కి కట్టమీదికి వెళ్లాను. సగం మెట్లకే ఆయాసం వచ్చింది. కుర్రాళ్లని రక్తం ఇస్తారా అని అడిగాను.

"మాకేటైనాదక్కా?" అన్నాడు దళం నాయకుడు, భయంగా.

"మీకేమీ కాలేదు. అందుకే మీ రక్తం కావాలి."

నవ్వుకుంటూ వచ్చి వరుసగా కూర్చున్నారు. సూది చూసి ఇద్దరు కళ్లు మూసుకున్నారు. అనుమతి లేకుండా ఆరోగ్యవంతుల్ని పరీక్షించడం కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. తెలిసే చేశాను, తెలిసే ఇక్కడ రాస్తున్నాను.

అంకెలు ఒక్కొక్కటిగా తెర మీద పడ్డాయి. అందరికీ 0.4. ఒకరికి అటు, ఒకరికి ఇటు, అంతే. రోజంతా బస్తాలు మోసే కండ ఉన్న కుర్రాడికి దాదాపు ఒకటి రావాలి. 0.4 ఉయ్యాల్లో పాపాయికి రావాల్సిన అంకె.

చామంతి తెర వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ పిల్లకి నాకంటే ముందే అర్థమైందనుకుంటాను, పైకి అనలేకపోయింది.

"మెషిను సగానికి తగ్గించి చెబుతోంది" అన్నాను.

"మిషను తనంతట తాను తగ్గించదు గదా అక్కా. మిమ్మల్ని సూసే సెప్తాది."

కింద పడవ మోటారు చప్పుడు వినపడుతోంది.

"అక్కా, ఒకపాలి సెప్పులు ఇప్పండి."

విప్పాను. చామంతి వంగి బొటనవేలితో నా చీలమండ మీద నొక్కి తీసింది. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

తర్వాత చేయాల్సింది తేలికే. మెషినుకి నన్ను చూపించడం మానేసి, కుర్రాళ్లందరి రక్తం కలిపి చూపించాం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి ఎంత ఉండాలో అంత అంకె పెట్టాం. తర్వాత నా ట్యూబు పెట్టాం. 2.0.

తొమ్మిదేళ్లుగా ప్రతి రోజూ నా అంకె చూసుకుంటున్నాను. ఎప్పుడూ 0.8. నా కిడ్నీలు పాడవుతుంటే మెషిను మాత్రం నన్ను పట్టుకుని, లోకానికే కిడ్నీలు బాగుపడుతున్నాయని చెబుతూ వచ్చింది. నేను ఎంత జబ్బుపడితే ఊరు అంత కోలుకుంది. పోలమ్మ 2.4 నిజానికి ఆరు. పోయిన రోజు అంకె పదికి దగ్గర. నేను ఆమె పేరు వరుసలోంచి తీయించాను.

నమోదు 315, శుక్రవారం

రంగనాయకులు గారూ, నిన్న తెరమీద మీతో మాట్లాడినదంతా ఇక్కడ రాస్తున్నాను. మీకు తెలిసిందే. అయినా నా మాటల్లో ఉండాలి.

మీరు మర్యాదగానే మాట్లాడారు. జావ తాగారా అని కూడా అడిగారు. నేను అంతా చెప్పాక చాలాసేపు ఏదో వెతికి, "అమ్మా, ప్రమాణ వ్యక్తి అంకె కొలత కాదు, నిర్వచనం. నిర్వచనం తప్పు కావడానికి చట్టంలో వీలు లేదు" అన్నారు.

"నా కాళ్లు ఉబ్బడానికి చట్టంలో వీలుందా?"

"మీ బాధ నాకు తెలుసు. అందుకే ఒక దారి చెబుతున్నాను. 'అనుమానం' అనే మాట నమోదులో రాయకండి. అనారోగ్యం వల్ల పదవి విరమిస్తున్నానని రాయండి. కొత్త వ్యక్తిని పెడదాం. ఆ రోజు నుంచి అంకెలు సరిగ్గా వస్తాయి. ఇంతవరకు వెళ్లిన రిపోర్టుల జోలికి పోవద్దు."

"వెళ్లిన రిపోర్టులతో ఇళ్లకి పోయినవాళ్లు?"

"జబ్బు ఉంటే మళ్లీ పరీక్షకి వస్తారు కదమ్మా. అప్పుడు వరుసలో కొత్తగా చేరతారు."

"కొత్తగా అంటే చివర."

మీరు గొంతు తగ్గించి నా సంగతి ఎత్తారు. మీరన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీకూ సీటు అవసరం పడుతుంది, బహుశా ఏడాదిలోపే. కౌన్సిల్ సిబ్బందికి రెండు సీట్లు విడిగా ఉన్నాయి. ఒకటి మీ పేరు మీద రాయించి పెడతాను. కాని పాత రిపోర్టులు తిరగదోడితే విచారణ వస్తుంది. విచారణలో ఉన్నవాళ్లకి ఆ సీటు రాదు. అప్పుడు మీరూ అందరితో పాటే. పైగా మీ రికార్డులో తొమ్మిదేళ్లూ 0.8 ఉంది. మీ జబ్బు ఎప్పుడు మొదలైందని చూపిస్తారు?"

మా ఫ్రీజరులో నా పాత ట్యూబులు ఉన్నాయి, వాటిలో కనపడుతుంది అన్నాను. అవి రోగి నమూనాలు కావు కాబట్టి చెల్లవు అన్నారు. ఆలోచించుకోమన్నారు.

ఆలోచిస్తున్నాను. నాకు బతకాలని ఉంది. నేను మంచిదాన్నని ఇక్కడ ఎవరికీ చూపించుకోనక్కర్లేదు. మీరు చెప్పిన సీటు గురించి ఇవాళ పొద్దుటి నుంచి చాలాసార్లు అనుకున్నాను. పడవలో అనుకున్నాను, స్నానం చేస్తూ అనుకున్నాను. పైవార్డుకి వెళ్లి, ఆ నీలిరంగు కుర్చీలు ఎలా ఉంటాయో చూసి వచ్చాను కూడా. కిటికీ వైపు కుర్చీ బాగుంది, సముద్రం కనపడుతుంది.

డాక్టరు ఇమ్మానుయేలు గారు అక్కడే ఉన్నారు. ఆయనకి చెప్పాను. ముందు ముఖాల మాట ఎత్తుతారేమో, నేను చెప్పలేదా అంటారేమో అనుకున్నాను. ఎత్తలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కనురెప్ప లాగి చూశారు.

"పాత రిపోర్టులు సరిదిద్దితే ఈ వార్డు నిండిపోతుంది. బయట వరుస మెట్ల దాకా వస్తుంది. మీరు ఆ వరుసకి చివర ఉంటారు" అన్నారు.

"మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడక్కండి హైమగారూ. మీరేం చేసినా నేను తప్పుపట్టను. ఆ మాట మాత్రం నిజం."

ఆ మాట వల్ల నాకేమీ తేలిక కాలేదు.

నమోదు 316, సోమవారం

ఇవాళ ఎర్రయ్య రక్తం ఇవ్వడానికి వచ్చాడు. గుండు మీద వెంట్రుక ఇంకా మొలవలేదు. నెల తిరిగింది కాబట్టి వచ్చాడట. పోలమ్మ ఎప్పుడూ గుర్తు చేసేదట, ఇప్పుడు తనే గుర్తుపెట్టుకున్నాడట.

కుర్చీలో కూర్చుని పొట్లం ఒకటి బల్లమీద పెట్టాడు. ఎండు నెత్తళ్లు.

"మా పోలమ్మ ఎండబెట్టినవేనమ్మా. ఇవే ఆకరివి. మీకే ఇయ్యాలని దాచినాను. తినరని తెల్సు."

చామంతి రక్తం తీస్తుంటే అతను నా వైపే చూస్తున్నాడు. "నాకూ బాగున్నాదని రాత్తారా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగా అడిగాడు. అతని కళ్ల కింద సంచులు ఉబ్బి ఉన్నాయి. పోయిన నెల అతనికి 2.7 అని రాసి, వరుసలోంచి అతని పేరు కూడా తీయించింది నేనే.

రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న మొదటిరోజు మాతో ఒక మాట చెప్పించారు: నమ్మని అంకె మీద సంతకం చేయను. అప్పుడు పాతికమందిమి గొంతు కలిపి గడగడా చెప్పేశాం, భోజనాల టైమైందని. ఇవాళ, చట్టం ప్రకారం మళ్లీ నా రక్తంతోనే పోల్చిన ఎర్రయ్య అంకె తెర మీద పడింది. 2.6. కింద ఖాళీ పెట్టె వెలుగుతోంది, నా సంతకం కోసం. ఒక్క వేలు ఆనిస్తే చాలు. అతను ఇంటికి పోతాడు, నేను ఆ కిటికీ కుర్చీలోకి పోతాను.

చేయి పైకి లేవలేదు. ఇందులో గొప్పతనం ఏమీ లేదు. అతను ఎదురుగా కూర్చుని ఉన్నాడు, అంతే. లేకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"బాగాలేదు ఎర్రయ్యా. పోయిన నెలా బాగాలేదు. నేను రాసింది తప్పు. పోలమ్మదీ తప్పే. ఆవిడ సీటు నా వల్ల పోయింది."

అతను దూది పెట్టిన చేతిని మడిచి పట్టుకున్నాడు. "మరి దానికి అదేదో ముందు సెప్పొచ్చు గదమ్మా" అన్నాడు చివరికి. లేచి వెళ్లి గుమ్మం అవతల నేల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. వెళ్లిపోనూ లేదు.

ఇక చేయాల్సిన పని చెబుతాను. దీనికి ఒక వరుస ఉంది, అది తప్పితే అంతా వృథా. నా అనారోగ్యం ముందు ప్రకటిస్తే, ఆ క్షణం నుంచి నా సంతకం చెల్లదు. నేను ఇచ్చిన రిపోర్టుల్ని సరిదిద్దే హక్కు నాకొక్కదానికే ఉంది, అదీ రిజిస్ట్రేషన్ ఉన్నంతవరకే. ఇంకెవరూ ముట్టలేరు. కాబట్టి ముందు సవరణలు, తర్వాత ప్రకటన. రంగనాయకులు గారూ, మీరు ఈ నమోదు సాయంత్రం చదువుతారు. ఈలోపు పూర్తి చేయాలి.

నా పాత ట్యూబులు ఫ్రీజరులోంచి తీయించి, కుర్రాళ్ల రక్తంతో పోల్చి చూశాం. ఏ నెలలో నేనెంత జబ్బుగా ఉన్నానో తేలింది, కాబట్టి ఏ నెలలో మెషిను ఎంత తగ్గించి చెప్పిందో తేలింది. చామంతి ఒక్కో పేరు చదివింది. నేను అంకె సరిచేసి సంతకం చేశాను. పేర్లు ముగిసే దాకా లేవలేదు. కొన్ని పేర్ల దగ్గర చామంతి ఆగి, "ఈయన పోనాడక్కా" అంది. వాళ్లవీ సరిచేశాను. పోలమ్మది కూడా. 2.4 కొట్టేసి 5.9 అని రాశాను. ఇప్పుడు ఆమె పేరు మళ్లీ వరుసలోకి ఎక్కింది, పాత తేదీతో, వార్డులో మొదటి సీటుకి. ఆ సీటు కేటాయించినట్టు తెర మీద పచ్చదీపం వెలిగింది. ఇంకా తీసేయలేదు.

ఎర్రయ్య ఇవాళ్టి అంకె 6.5. అతన్ని పైకి పంపాను. డాక్టరుగారు వచ్చి స్వయంగా తీసుకెళ్లారు.

అన్నీ అయ్యాక ఇది రాస్తున్నాను: నేను, దువ్వారపు హైమ, ప్రమాణ వ్యక్తిగా పనికిరాను. నా రక్తంతో కొలిచినదేదీ నమ్మవద్దు.

ఈ వారం మీ వృత్తిలో కొత్తగా ఏమి నేర్చుకున్నారన్న ప్రశ్నకి ఇదే జవాబు. ఇక సంతకం.

కాగితం మీద, ఏ రోజో రాయను

తెర ఇప్పుడు నా వేలు పెడితే తెరుచుకోవడం లేదు. ఇది చామంతి ఇచ్చిన కాగితం. నంబరు వేయాల్సిన పనిలేదు, ఎవరూ అడగలేదు.

విచారణ పెట్టారు. అనుమతి లేకుండా ఆరోగ్యవంతుల రక్తం తీశానని ఒకటి, పరిశీలకుడి సలహా పాటించలేదని ఒకటి. పోలమ్మ గురించి అందులో ఏమీ లేదు. సవరణలు మాత్రం చెల్లాయి, సంతకం అప్పటికి చెల్లుతుంది కాబట్టి. వరుస నిజంగానే మెట్ల దాకా వచ్చింది. సీట్లు చాలడం లేదు. వార్డులోకి చేరేలోపే ఇద్దరు పోయారు. వాళ్ల ఇళ్లవాళ్లు నన్ను తిట్టారు. ఒకావిడ నా కొంగు పట్టుకుని నిలదీసింది.

చామంతి ఇప్పుడు ప్రమాణ వ్యక్తి. తన ఒక్కదాని రక్తం మీదే ఆధారపడకూడదని పట్టుబట్టింది. నెలకోసారి కట్ట కుర్రాళ్ల రక్తంతో సరిచూడాలని రాయించుకున్నాకే సంతకం చేసింది. నేను అలా ఎందుకు అడగలేదా అని ఆలోచించాను. తొమ్మిదేళ్ల కిందట అది నాకు గౌరవంగా అనిపించింది, అంతే.

ఇవాళ రోగుల వరుసలో నిలబడి నా వంతు వచ్చాక అదే కుర్చీలో కూర్చున్నాను. చామంతి అదే నరం పట్టుకుంది. ఈసారి సూది గుచ్చబోతూ ఆగింది.

"అక్కా, మీ పేరు సెప్పండి" అంది. రోగి ఎవరైనా పేరు అడగాలి, నేనే నేర్పాను.

చెప్పాను. రాసుకుంది. మెషిను 2.1 చూపించింది. చామంతి ఆ అంకె కింద తన మొదటి సంతకాల్లో ఒకటి పెట్టి, కాగితం నా చేతికిచ్చి, తల తిప్పుకుంది. మూడు దాటితేనే పేరు ఎక్కుతుంది. దాటాక మెట్ల మీది వరుసకి చివర ఎక్కుతుంది. ఆ రిపోర్టు మీద నా జబ్బు ఇవాళే మొదలైంది.

డాక్టరుగారు తినకూడనివి రాసిచ్చారు. ఉప్పు, ఊరగాయ, ఎండుచేప. పైవార్డులో ఎర్రయ్య కిటికీ వైపు కుర్చీలో పడుకుని ఉన్నాడు, చేతికి గొట్టాలు. నన్ను చూసి పలకరించలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. కాసేపటికి "కూకోండి" అన్నాడు. కూర్చున్నాను. అక్కడి నుంచి సముద్రం కనపడుతుంది.

అతనిచ్చిన పొట్లం ఇంకా నా సంచిలోనే ఉంది. తొమ్మిదేళ్లు కొలబద్దని కాబట్టి తినలేదు, ఇకమీద రోగిని కాబట్టి తినకూడదు. పొట్లం విప్పి, ఎర్రయ్య చూస్తుండగానే ఒక్క నెత్తల్ని నోట్లో వేసుకున్నాను. ఇన్ని రోజులుగా నోట్లో ఉన్న ఇనుము రుచి కాసేపు పోయింది.

పోలమ్మ నాలుగేళ్లు చెప్పింది. నిజంగానే చాలా బాగుంది.